దాణా ధరకు మూలమెక్కడ?
(మేడ్చల్, శామీర్‌పేట పాల సంఘాల సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠం)



మన గేదెలు తినే దాణా ధర మేడ్చల్, శామీర్‌పేటల్లోనే నిర్ణయం కాదు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించగా కొద్ది నెలల్లో దాని ధర నాలుగింతలైంది. లారీ కిరాయి, ఎరువు ఖర్చు వెంట నడిచాయి. 1972 కరువు కూడా తోడై 1974లో మన ధరల పెరుగుదల 25 శాతం దాటింది.

2022లో యుక్రెయిన్ యుద్ధం మళ్లీ చమురును ఎగదోసింది. రిజర్వు బ్యాంకు 2023 ఫిబ్రవరి నాటికి రెపో వడ్డీని 4 నుండి 6.5 శాతానికి పెంచింది. దానితో పట్నంలో కొనుగోళ్లు తగ్గవచ్చు, గేదె అప్పూ బరువెక్కవచ్చు. గడ్డి మాత్రం మొలవదు గదా! 2023 జూలైలో నూనె తీసిన తవుడు ఎగుమతిని కేంద్రం నిషేధించడమే మనకు దగ్గరి మందని మా అభిప్రాయం. అయితే తవుడు వెల పడితే వడ్ల ధరకూ దెబ్బే. మనలో వరి పండించేవారూ ఉన్నారు.

పాల సేకరణ ధర పెంపు కోరే సంఘాలు దాణా బస్తా వెల, లారీ కిరాయి నెలనెలా వ్రాసి పంపవలెనని కోరుతున్నాము.