డ్రై డాకులో విలాస నౌక: హాజరుపట్టీలో లేని కార్మికుడు

(రైల్వే, తపాలా శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



తపాలా సోదరులకు ఆర్.ఎం.ఎస్. అనగానే పరుగెత్తే రైలుపెట్టెలో నిలబడి ఉత్తరాలు వేరుచేసిన సార్టర్లు జ్ఞాపకం వస్తారు. రైల్వే సోదరులకూ ఆ పెట్టె పరాయిది కాదు. ఆ మూడక్షరాలే క్వీన్ మేరీ 2 అనే విలాస నౌక పేరుకు ముందు కూడా ఉన్నవి. అక్కడ వాటికి రాయల్ మెయిల్ షిప్ అని అర్థం. అది బ్రిటిష్ తపాలా సంస్థ మర్యాదకు ఇచ్చిన బిరుదు. ఓడ మోసేది మాత్రం తీరిక గల ప్రయాణికులను. ఈ పూట నాకు అప్పగించిన విషయం కాంట్రాక్టు శ్రమ, పనిచోట రక్షణ. దానిని ఈ ఓడ అడుగుభాగం నుండి చెప్పదలచాను. మన షెడ్డులో రోజూ చూచి అలవాటైపోయినది పరాయి షెడ్డులో చూచినప్పుడు కొత్తగా కనబడుతుంది.

బోగీకి పి.ఓ.హెచ్. ఎట్లాగో ఓడకు డ్రై డాకు అట్లాగే. గడువు వచ్చిన పెట్టె లాలాగూడకో తిరుపతికో చేరినట్లు, ప్రయాణికుల నౌక అడుగుభాగాన్ని సాధారణంగా ఐదేళ్ళలో రెండుసార్లు నీటి వెలుపల పరీక్షించవలెనని అంతర్జాతీయ నియమం. డాకు అంటే రేవు పక్కన కట్టిన పెద్ద తొట్టి. ఓడ అడుగు ఆకారాన్ని బట్టి దాని నేలమీద ముందుగానే దిమ్మలు పేరుస్తారు. ఓడను లోనికి తెచ్చి, తలుపు మూసి, నీరు తోడివేస్తారు. ఓడ దిమ్మలమీద సరిగా కూర్చున్నదీ లేనిదీ డైవర్లు నీటిలో దిగి చూస్తారు. దిమ్మలు సరిగా కుదరకపోతే బరువంతా ఒకచోట పడి ఉక్కురేకు వంగుతుంది. ఆ తరువాత నాచునూ గుల్లలనూ నీటిపోటుతో గీకివేయడం, కవాటాలు విప్పడం, చోదకయంత్రం సీళ్ళు మార్చడం, అడుగుకు రంగు వేయడం. పూర్వం తగరం కలిసిన విషపు రంగులు పూసేవారు. 2008లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం వాటిని నిషేధించినది. సముద్రపు నత్తలు, ఆల్చిప్పలు చెడిపోతున్నవని తేలినందువల్ల వచ్చిన నిషేధమది. దశాబ్దాలుగా ఆ రంగు పీల్చిన పెయింటర్ల మాట ఆ చర్చలో ఎంత వినబడిందో మీరే ఊహించుకొనవచ్చును.

ఇక్కడ ఒక సంగతి శ్రద్ధగా వినండి. ఓడలో మంటలార్పే పంపులు సముద్రపు నీటిని పీల్చి పనిచేస్తవి. డాకులో సముద్రం లేదు. గట్టుమీది నుండి గొట్టాలు కలిపితేనే ఓడకు నీరు. సరిగ్గా అప్పుడే ఓడ నిండా వెల్డింగు, గ్యాస్ కటింగు జరుగుతుంటవి. పాత తివాచీలు, పరుపులు, చెక్కలు నడవలలో గుట్టలుగా పడి ఉంటవి. తలుపులగుండా కేబుళ్ళు వేసినందున మంటను ఆపవలసిన తలుపులే మూతపడవు. అడుగు ట్యాంకులలో ప్రాణవాయువు చాలకపోవచ్చును. అందుకే పర్మిట్ లేనిదే మంట వెలిగించరాదు, గాలిని పరీక్షించనిదే ట్యాంకులో దిగరాదు అనే నియమాలు పుట్టినవి. కొచ్చి షిప్‌యార్డు డాకులో 2018 ఫిబ్రవరి 13న, మరమ్మతులో ఉన్న సాగర్ భూషణ్ అనే డ్రిల్లింగ్ నౌకలో పేలుడు జరిగి ఐదుగురు మరణించారు. నియమాల ప్రతి అక్షరం వెనుక ఇటువంటి తేదీ ఒకటి ఉంటుంది.

నియమాలు ఉండగా ప్రమాదాలు ఎందుకని మీరు అడుగవచ్చు. గడువు వల్ల! విలాస నౌక సరుకుల ఓడ వంటిది కాదు. డాకు నుండి బయటపడవలసిన తేదీకి తరువాతి విహారయాత్ర టికెట్లు ఎప్పుడో అమ్ముడుపోయి ఉంటవి. 2016లో క్వీన్ మేరీ 2ను హాంబర్గులోని బ్లోమ్ అండ్ ఫాస్ కర్మాగారానికి తెచ్చారు. 345 మీటర్ల ఓడ. ఎల్బే 17 అనే ఆ డాకు 351 మీటర్లు. ఇరవై ఐదు రోజులలో గదులు, భోజనశాలలు మార్చి, ఒంటరి ప్రయాణికులకు 15 కొత్త గదులు కట్టి, కుక్కలకు సైతం అదనపు వసతి చేసి పంపివేశారు. పెంపుడు కుక్కల సౌకర్యార్థం ఒక లివర్‌పూల్ దీపస్తంభం, ఒక న్యూయార్కు నీటికొళాయి కూడా నిలబెట్టారు! పనివారి నైపుణ్యానికి నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కాని ఇటువంటి పనిలో వడ్రంగి ఒక దేశపు కాంట్రాక్టరు మనిషి, తివాచీ పరిచేవాడు మరొకరి మనిషి, పైపులవాడు ఇంకొకరి మనిషి. ఓడ కదలగానే అందరూ తలొక దారి. ఓడ సిబ్బందికి ఆ రోజులలో ప్రయాణికులు ఉండరు, బక్షీసులు ఉండవు; కంపెనీ వేరుగా భర్తీ చేయకపోతే ఆ ఆదాయం పోయినట్లే.

ఈ ఓడ పుట్టుకలోనే ఒక విషాదమున్నది. ఫ్రాన్సులోని సాన్ నజైర్‌లో కట్టుబడి ముగియవచ్చిన సమయాన, 2003 నవంబరు 15న, గట్టు నుండి ఓడలోకి వేసిన నడకవంతెన కూలి మనుషులు ఎండు డాకు నేలమీద పడిపోయారు. పదహారుగురు మరణించారు. తాము కట్టిన ఓడను తమవారికి చూపుదామని కార్మికులు కుటుంబాలను పిలిచిన రోజది.

2019 ఏప్రిల్ 1న బహామాస్ దీవులలోని ఫ్రీపోర్టులో ఒయాసిస్ ఆఫ్ ద సీస్ అనే మహానౌక తేలే డాకులో ఉండగా క్రేన్లు దానిపై కూలినవి. ఎనిమిది మంది గాయపడ్డారు. మూడు విహారయాత్రలు రద్దయిన వార్త ప్రపంచమంతా ప్రాకినది. ఆ ఎనిమిది మంది తిరిగి పనికి వెళ్ళారా అన్న వార్త నేను ఎంత వెదకినా దొరకలేదు.

మన విశాఖకు వద్దాము. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో పరీక్ష జరుపుతుండగా భారీ క్రేను కూలి 11 మంది మరణించారు. వారిలో షిప్‌యార్డు ఉద్యోగులు నలుగురు; తక్కిన ఏడుగురు కాంట్రాక్టు సంస్థల మనుషులు. ఈ ఏడు, నాలుగు అంకెలను జ్ఞాపకముంచుకొనండి. పర్మనెంటు ఉద్యోగి "తాడు బాగాలేదు, నేను ఎక్కను" అనగలడు. మహా అయితే ఛార్జిషీటు వస్తుంది. కాంట్రాక్టు మనిషి అంటే మరునాడు గేటు తెరుచుకోదు.

ఇది యాజమాన్యాల మీది ఫిర్యాదు మాత్రమే అయితే నేను ఇంత దూరం వచ్చి చెప్పనక్కరలేదు. చాలా ఏళ్ళ క్రితం మన వర్క్‌షాపు ఒకదానిలో, పేరు అనవసరం, పెట్టె పైకప్పుకు రంగు వేస్తున్న కుర్రవాడు జారిపడి నడుము విరిగింది. హాజరుపట్టీలో పేరు లేదు. కాంట్రాక్టరు ఆ పూటకు కనబడలేదు. సాయంత్రం వాని అన్న యూనియన్ ఆఫీసుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మీవాడు మా సభ్యుడు కాదు కదా, నాయనా" అని చెప్పి పంపివేశాము. ఆ మాట చెప్పిన నోరు నాదే. అతడు వాదించలేదు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

అందుచేత మిమ్ములను కోరేది ఒక్కటే. వర్క్‌షాపు గానీ, లైను మీది బ్లాకు గానీ, మెయిలు ఆఫీసు గానీ, రేపటి నుండి ప్రతి శాఖ గేటు దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టవలెను. లోనికి వచ్చిన కాంట్రాక్టు మనిషి పేరు, ఊరు, కాంట్రాక్టరు ఎవరు, లోనికి వచ్చిన వేళ, బయటికి పోయిన వేళ వ్రాయండి. అధికారులు అభ్యంతరం చెబితే టీ కొట్టు బల్లమీద కూర్చుని వ్రాయండి. వచ్చే తరగతికి ఆ పుస్తకాలు తీసుకొని రండి. సభ్యత్వ చందా సంగతి తరువాత మాట్లాడుదాము.