బీపీ బాగుంది, మనిషి బాగోలేడు

ఈ ఎపిసోడ్ మా కాట్రేనికోన ఇంటి నుంచే చేస్తున్నాను, మధ్యలో కోడి కూస్తే ఏమనుకోకండి.

రెండేళ్ల కిందట మా బాబాయ్ కొడుకు బండి మీంచి పడ్డాడు. హ్యాండిల్ కడుపుకి గట్టిగా తగిలింది. బయటికి చుక్క రక్తం లేదు. నాన్నమ్మ బీపీ మెషిన్ తెచ్చి నేనే పెట్టాను. 118. ‘నార్మలేరా’ అన్నాను. పిన్ని కొబ్బరి బొండం కొట్టించుకొచ్చింది. అదే మెషిన్‌లో కింద పల్స్ 122 కనబడుతోంది. చూశాను, పట్టించుకోలేదు.

వాడి చేతులు చల్లగా ఉన్నాయి, చెమట, ఒకటే దాహం. అది చూసి మా బాబాయ్‌కి అనుమానం వచ్చి అమలాపురం తీసుకెళ్లాం. స్కాన్‌లో ప్లీహం చిట్లింది, కడుపు నిండా రక్తం.

మరి బీపీ ఎందుకు పడలేదు? పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అది తగ్గగానే మెడ ధమనుల దగ్గరి సెన్సార్లు మెదడుకి చెప్తాయి. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ గుండెని పరిగెత్తిస్తాయి, చర్మానికీ పేగులకీ వెళ్లే రక్తనాళాలను బిగించేస్తాయి. చేతులు చల్లబడేది అందుకే. వాసోప్రెసిన్ ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, మూత్రం తగ్గిపోతుంది. ముప్పావు లీటరు నుంచి లీటరున్నర వరకు పోయినా పైబీపీ చాలావరకు మామూలుగానే ఉండొచ్చు. కుర్రాళ్లలో మరీను. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డాష్‌బోర్డు పచ్చగానే ఉంటుంది, లోపల సర్వర్ కాలిపోతుంటుంది.

ఇక బొండం సంగతి. ‘నీరసంగా ఉన్నాడు, షుగర్ పడిపోయిందేమో’ అనుకుంటాం. జరిగేది తిరగబడి ఉంటుంది. అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ కలిసి కాలేయంలో దాచిన గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతాయి, ఇన్సులిన్‌ని అణిచేస్తాయి. మొదట్లో షుగర్ పెరుగుతుంది! ఇంధనం ఉంది, దాన్ని మండించే ఆక్సిజన్ కణాలకి అందట్లేదు. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ నుంచి 30 దాకా ఏటీపీలు వస్తాయి, లేకపోతే రెండే. మిగిలేది లాక్టేట్. (ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా.)

పైగా ఆపరేషన్ కోసం మత్తిచ్చినప్పుడు కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే కడుపుకి దెబ్బ తగిలి, చేతులు చల్లబడి, పల్స్ వంద దాటితే బీపీ ఎంతున్నా 108కి ఫోన్ చెయ్యండి, పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పొయ్యకండి.

మావాడికి రక్తం ఎక్కించి ఆపరేషన్ చేశారు, ఇప్పుడు బానే ఉన్నాడు. ఆ బొండం అదృష్టం కొద్దీ తాగలేదు, వికారంగా ఉందని పక్కన పెట్టేశాడు.