గుఱ్ఱముతో మజిలీ

గోరంట్లనుండి గుఱ్ఱములపై బయలుదేరి, పెనుకొండ చూచి, లేపాక్షి చూచి, రాత్రులందు గుడారములలో పరుండి, మరల గోరంట్ల చేరవలెనని ఒక మిత్రునకు కోరిక పుట్టినది. ఆయన నాకొక కాగితము చూపెను. దర్శింపవలసిన గుళ్ళు, ఎక్కవలసిన కోట, వంటసామాను, దీపములు, దుప్పట్లు, చివరకు కాఫీపొడి కూడ అందులో నమోదై యున్నవి. గుఱ్ఱము త్రాగు నీళ్ళ మాట మాత్రము ఎక్కడను కానరాలేదు. ఆ కాగితమే నేటి నా ప్రసంగమునకు కారణము.

సామాన్యముగా ఒక గుఱ్ఱమునకు దినమునకు 25 మొదలు 40 లీటర్ల వఱకు నీరు కావలెను. ఎండలో నడచినపుడు అంతకు మించియు త్రాగును. రెండు గుఱ్ఱములున్నచో ఇంటిల్లిపాదికి సరిపడు నీరు వానికే కావలెను. దానిని వెంట మోసికొని పోవుట కుదిరెడు పని కాదు. కావున మజిలీని నిర్ణయించునది గుడియు కాదు, కోటయు కాదు, నీరు. ఒక నీటినుండి మఱియొక నీటికి ఎంత దూరమో అంతయే ఆనాటి ప్రయాణము. మైదానపు బాటలో బరువుతో నడచు గుఱ్ఱమునకు దినమునకు 20, 25 కిలోమీటర్లు చాలును. గోరంట్లనుండి పెనుకొండకు పోవుటకే పూర్తిగా ఒక దినము పట్టునని, నడుమ ఒకచోట నీరు తప్పదని లెక్క వేసికొనవలెను.

మనది సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన కురియు సీమ. గోరంట్ల యొద్ద చిత్రావతి యున్నదని సంతోషింపవచ్చును గాని, నంది కొండలలో పుట్టి వచ్చెడి ఆ యేరు ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకయే. పటములో నీలిరంగు గీత యుండును. ఏటిలో ఇసుక యుండును. చెఱువుల సంగతియు ఇట్టిదే.

ఈ మాట నేను అనుభవముమీద చెప్పుచున్నాను. కొన్నేండ్ల క్రిందట నేనును ఒక చెఱువును పటములో చూచి, దాని కట్టమీది చింతతోపులో రాత్రి దిగవచ్చునని తలచి బయలుదేరితిని. సాయంకాలమునకు కట్ట చేరితిమి. చెఱువునిండ తుమ్మచెట్లు మొలచియున్నవి. గుఱ్ఱము ఉదయమునుండి నీరు త్రాగలేదు. నేను తెలివితక్కువగా, ఆకలితో నున్నదిగదా యని దానికి ఎండుమేత వేసితిని. రెండు గడియలలో అది మేత మానినది. మాటిమాటికి తన డొక్కవంక తల త్రిప్పి చూచుకొనసాగినది. ముంగాలితో నేలను గీరినది. పిమ్మట పడి పొర్లసాగినది. డొక్కకు చెవి ఆనించి వింటిని. ఆరోగ్యముగా నున్న గుఱ్ఱపు కడుపులో ఎల్లపుడు గుడగుడ శబ్దము వినబడుచుండును. ఆనాడు ఏ సవ్వడియు లేదు.

గుఱ్ఱము మనవలె వాంతి చేసికొనలేదు. లోనికి పోయినది ముందునకు కదలవలసినదే కాని వెనుకకు రాదు. అందుచే మనుష్యులకు పూటతో పోవు కడుపునొప్పి గుఱ్ఱమునకు ప్రాణాంతకము కావచ్చును. ఫోనులో పశువైద్యుని పిలిచితిని. మేత తీసివేయుడనియు, మెల్లగా నడిపించుచుండుడనియు చెప్పి ఆయన మోటారుసైకిలుపై బయలుదేరెను. నీళ్ళకై నేను చేరువనున్న తోటకు పరుగెత్తితిని. అచ్చట ఒక ముసలమ్మ ఎనుముల కాడ కూర్చుండి యుండెను.

"చెరువులో నీళ్లు యాడివి నాయినా! మూడేండ్లాయ. మా బోరుకు కరెంటు ఇప్పుడు రాదు, నడిరేత్రి కాడ వస్తాది. తొట్టిలో ఉండేవి పట్టకపో. ఎనుములకు తెల్లారినాక చూసుకుంటాంలే" అని ఆమె యనెను.

అవి ఆమె ఎనుముల నీళ్ళు. గుఱ్ఱము కొంచెము కొంచెముగా త్రాగినది. వైద్యుడు వచ్చి ముక్కుద్వారమున గొట్టము వేసి, నూనె పోసి, సూది మందిచ్చెను. రాత్రియంతయు తోపు చుట్టు నడిచితిమి. తెల్లవాఱుజామున అది లద్ది వేసినపుడు నాకు కలిగిన యానందము చెప్పినచో శ్రోతలు నవ్వుదురేమో!

నాటినుండి, పోవుటకు వారము ముందు ద్విచక్రవాహనముపై బాట యంతయు తిరిగి, ప్రతి మజిలీలోను నీటిని కన్నులార చూడనిదే గుఱ్ఱమునకు జీను వేయుట మానితిని. బోరు ఎవరిది, కరెంటు ఏ వేళ వచ్చును, తొట్టి యున్నదా, యజమాని సమ్మతించునా అని అడిగి వ్రాసికొందును.

మన సీమకు గుఱ్ఱపు పోషణ క్రొత్త విద్య కాదు. 1535 ప్రాంతమున విజయనగర వృత్తాంతము వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాయలు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనుచుండిరని చెప్పినాడు. సాళువ నరసింహరాయలు ఓడలో చచ్చిన గుఱ్ఱమునకు సైతము, దాని తోకను తెచ్చి చూపినచో వెల యిచ్చెడివాడట! నూనిజ్ కంటె ముందు, 1520 ప్రాంతమున వచ్చిన పేస్, నగరపు ధాన్యములలో ఉలవలను కూడ పేర్కొనెను. 1565 తరువాత రాజధాని పెనుకొండకు తరలినపుడు ఆ గుఱ్ఱములును రావుతులును ఈ బాటలనే త్రొక్కియుందురు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలముల కలెక్టరుగా నున్న మన్రో, గ్రామగ్రామము తిరుగుచు సంవత్సరముల తరబడి డేరాలలోనే కాపురముండెను. అట్టివారి మజిలీలకు చెఱువులు, బావులు, తోపులు ఆధారము. నేడు చెఱువులు పెక్కు ఎండినవి. తోపులు కొన్ని మాత్రమే మిగిలినవి.

మేత విషయమున ఒకటి రెండు మాటలు. 300 కిలోల దేశవాళీ గుఱ్ఱమునకు దినమునకు ఇంచుమించు 6 కిలోల మేత కావలెను. అందులో అధికభాగము గడ్డియే. దాని జీర్ణాశయము చిన్నది గనుక పలుమాఱులు కొంచెము కొంచెముగా పెట్టవలెను. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణా తప్పదందురు. ఆ దాణా మన సీమలో ఉలవలు. నానబెట్టియో ఉడికించియో పెట్టుట మన పెద్దల వాడుక. ఏ ఊరి మేత ఆ ఊరిలో కొందమను ఆలోచన కూడదు. మేత ఒక్కసారిగా మాఱినచో కడుపు చెడును. వేరుసెనగ కట్టె మనయొద్ద విరివిగా దొరకును గాని బూజు పట్టినది తాకనీయరాదు. లేత జొన్నపైరులో విషముండును. చేని గట్టున కట్టి ఏమఱియుండుట ప్రమాదము, రైతుతో తగవు కూడ!

కార్తికము మొదలు పుష్యము వఱకు అనుకూలమైన కాలము. వానలు వెనుకబడును, ఎండ మెత్తబడును, చేలు కోతలై యుండును. బయలుదేరకముందు లాడములు చూపించుట, పశువైద్యునిచే పరీక్షింపించి ధనుర్వాతపు టీకా వేయించుట మఱవరాదు. పెనుకొండ దాపున పెద్దరహదారి దాటవలసియుండును. దానిని తెల్లవాఱకట్ల కాక, బాగుగా వెలుగు వచ్చిన పిమ్మట, దిగి, కళ్ళెము పట్టుకొని దాటుడు. అక్కడనే యెఱ్ఱమంచి యొద్ద 2019 నుండి కార్లు తయారగుచున్నవి. వందల గుఱ్ఱముల బలముగల ఆ బండ్ల హారను విని మన యొక్క గుఱ్ఱము బెదరుట సహజము.

రాత్రి కట్టునపుడు రెండు చెట్ల నడుమ తలకంటె ఎత్తున పగ్గము బిగించి, దానికి తలత్రాడు కట్టుట మేలు. త్రాడు నేలకు వ్రేలాడినచో కాలు చిక్కుకొనును. ఆ కొండలలో చిఱుతలును ఎలుగులును కలవు గనుక గుట్టమొదట దిగక, ఊరికి వినవచ్చునంత దూరమున దిగుడు. లేపాక్షిలో ఆలయపు ప్రాకారమునకు చేరువగా గుఱ్ఱమును కట్టకుడు. ఊరిబయట రైతు నడిగి ఆయన చేనిలో దిగుడు. లద్దిని ఆయనకే వదలుడు, ఎరువునకు పనికివచ్చును.

మా మిత్రుడు కాగితము తిరుగవ్రాసెను. ఇపుడు మొదటి పంక్తిలో ఆ ముసలమ్మ తొట్టి యున్నది. పోవునపుడు ఆమెకు ఒక బస్తా తవుడు తీసికొని పోవుదమనుకొంటిమి.