చేతికందని మర



నల్లగొండ, మహబూబునగరము ప్రాంతముల పల్లెలలో ఒకప్పుడు సవారి కచ్చురము నిలిచెడి వేపచెట్టు నీడలో నేడు చిన్నకారు నిలుచుచున్నది. దానిని నడపుట నేర్పువారు అనేకులు కలరు. దాని మూత యెత్తి, ఇంటిముంగిట దానికి చేయవలసిన చాకిరి యెట్టిదో చెప్పువారు అరుదు. నేడు ఆ సంగతిని ముచ్చటింపదలచితిని.

మా యింటి కారు ఒకరు వాడి అమ్మినది. ఏ కంపెనీదో చెప్పను. ఇట్టి ఇరుకు నేటి చిన్నకార్లలో చాలవాటియందు కలదు కనుక పేరుతో పనిలేదు. మొన్న వేసవిలో ముందుదీపపు బల్బు మాడినది. బల్బు వెల స్వల్పము. కాని దాని వెనుకకు చేయి దూరదు, బ్యాటరీ అడ్డము. బ్యాటరీని తీయుదమన్న దాని పట్టీ బోల్టు అడుగుభాగమున నున్నది, పొడుగు పానా కావలెను. బల్బు మార్చుటకు రెండు నిమిషములు, దానిని చేరుటకు ముప్పావుగంట! ఇక ఇంజను ఆయిలు ఫిల్టరు సంగతి వినుడు. అది ఇంజనునకును వెనుకనున్న రేకుగోడకును నడుమ, కంటికి కనబడక యుండును. చేతితో తడవి విప్పవలెను. విప్పిన వెంటనే అందలి నల్లనూనె చక్రమును త్రిప్పు కడ్డీమీదుగా కారి, విప్పువాని మోచేతివరకు వచ్చును. వెనుకటిసారి బిగించినవాడు బలశాలియైనచో ఈసారి విప్పువాని పాట్లు చెప్పనలవి కాదు.

ఈ ఇరుకు ఊరక వచ్చినది కాదు. మనలో చాలమంది యెరిగిన అంబాసిడరును తలచుకొనుడు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి, కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ వారు దానిని 1950ల చివరినుండి 2014 వరకు చేసిరి. అందు ఇంజను బండి పోవు దిక్కునకే పొడుగువారుగా నుండెడిది. ఇరుప్రక్కల చేయి చాచుటకు చోటుండెడిది. పల్లెటూరి మిస్త్రీ సైతము నాలుగు పానాలు, ఒక సుత్తె చేతబట్టుకొని పని కానిచ్చెడివాడు. పెట్రోలు త్రాగుటలో మాత్రము ఆ బండి మహారాజే.

1959లో ఇంగ్లండునందు అలెక్ ఇసిగోనిస్ అను నాతడు మినీ అను కారును కల్పించెను. పదియడుగుల బండిలో నలుగురు కూర్చుండవలెను. అందులకై ఇంజనును అడ్డముగా త్రిప్పి, గేర్లను దాని క్రిందనే అమర్చి, రెంటికిని ఒకే నూనె చాలునట్లు చేసెను. మిక్కిలి తెలివైన పని. అయితే నిప్పురవ్వను పంచు డిస్ట్రిబ్యూటరు ముందరి జాలి వెనుకకు వచ్చినందున, మొదటి బండ్లలో అది వానకు తడిసి ఇంజను మొరాయించెడిది. 1983 డిసెంబరులో మన దేశమున వెలువడిన మారుతి 800 లోని ఇంజను కూడ అడ్డముగా నుండునదే. 1984లో వచ్చి, పిదప ఓమ్ని యను పేరు పొందిన మారుతి వ్యానులో ఇంజను ముందుసీట్ల క్రింద నుండును. సీటు ఎత్తిన గాని కనబడదు. 2009లో అమ్మకమునకు వచ్చిన టాటా నానోలో ఇంజను వెనుక నుండును. ఆ వెనుక తలుపు 2015 నాటి మాదిరి వచ్చువరకు తెరచుకొనునది కాదు. సీటు మడచి, లోపలినుండియే ఇంజను మూత విప్పవలెను. మొదటి మాదిరిలో పెట్రోలు పోయు నోరు ముందుమూత క్రింద, బ్యాటరీ ముందుసీటు క్రింద. దీనిని నేను తప్పుపట్టను. లక్షరూపాయల వెలకు ఒక కుటుంబమును ఎండవానల పాలుగాకుండ తీసికొనిపోవు బండిని చేయబూనినవారు, చక్రమునకు మూడే నట్లు పెట్టి, ఒక్కొక్క తలుపును లెక్కించుకొనిరి. కాని కూర్చుండువానికి ఇచ్చిన చోటు ఎచ్చటనుండియో రావలెను గదా! అది మరమ్మతు చేయువాని చేతికి చెందవలసిన చోటు.

ఆ చేయి యెవరిదో, ఆ మేను ఎట్టిదో బండి గీసినవారు తలచినట్లు తోచదు.

మా అన్నగారు మర్రిగూడ వైపు పల్లెలలో ముప్పదియేండ్లు ఆయిలు ఇంజనులు బాగుచేసినవారు. మోటలు వెనుకబడి, కరెంటు ఇంకను రాని బావులపై నాడు ఆ ఇంజనులే దిక్కు. వాని చుట్టును మనిషి తిరుగవచ్చును. ప్రతి మరయు పైకే కనబడును. చప్పుడు విని, ఫలాని చోట లోపమని అన్నగారు దూరమునుండియే చెప్పెడివారు. ఆ ప్రాంతపు భూజలములో ఫ్లోరైడు మెండు. త్రాగునీట లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణము. అచ్చటి బావులనేకము దానిని మించినవే. కృష్ణానీరు ఇప్పుడు కుళాయిలలో వచ్చుచున్నది, పసివారికి మేలే. అన్నగారి వెన్నును మెడయు బిగిసి చాలకాలమైనది. వంగలేరు, మెడయెత్తి పైకి చూడలేరు.

కారు కొన్నదే వారిని ఆస్పత్రికి తీసికొనిపోవుటకు. వేళకు బస్సు దొరకదు, దొరికినను మెట్లు ఎక్కలేరు. పట్టణపు షెడ్డునకు పోయినచో ఒక దినము, పని యొకటైన బిల్లు మూడు. బండి అచ్చట నున్ననాడు ఇంట ఆపద వచ్చినచో ఏమి గతి? అందువలన ఇంటివద్దనే చేసికొందుమని అన్నగారు పట్టుబట్టిరి.

ముంగిట ఒక గొయ్యి త్రవ్వించి, అంచులకు రాతిబండలు పరపించితిమి. జాకీ నొక్కదానినే నమ్మి బండి క్రిందికి దూరుట ప్రాణాంతకము కనుక ఈ యేర్పాటు. గోతిలో నిలిచి నేను అడుగు బోల్టు విప్పుదును. పాతనూనెను డబ్బాలో పట్టుదును, బావిగట్టున ఒక్కచుక్కయు పోయనీయను. ఫిల్టరు చోటికి నా మోటుచేయి పోదు. అన్నగారి మనుమరాలి సన్ననిచేయి పోవును. అన్నగారు బండి ప్రక్కన నిట్టనిలువుగా నిలిచి, గడ్డము గీచుకొను అద్దమును ఆ సందులోనికి పట్టించి, అందు కనబడు నీడను చూచి, "ఎడమకు తిప్పు బిడ్డా, ఇంకొంచెం" అని చెప్పుచుందురు. ఆ పిల్ల పదవతరగతి చదువుచున్నది. ఇంజనులో ఏది ఎచ్చట నున్నదో నాకంటె దానికే బాగుగ తెలియును.

ఇటీవల మా పొరుగువారు పాతకారు నొకదానిని బేరమాడబోవుచు అన్నగారిని వెంట తీసికొనిపోయిరి. అమ్ము కుర్రవాడు సీట్ల మెత్తదనమును, పాటలపెట్టెను చూపెను. అన్నగారు మూత తెరువుమనిరి. చేతికర్ర కొనను లోపలికి చాచి, "ఫిల్టరు ఏడుంది బిడ్డా, జర విప్పి చూపు" అనిరి. ఆ కుర్రవాడు చొక్కా చేతులు మడచి, ఫోను దీపము వెలిగించి, పదినిమిషములు వెదకెను. పొరుగువారు ఆ బండిని కొనలేదు, ఇంకొకటి చూచుచున్నారు.