రెడ్డిగూడెములో రెండు దినములు

సెలవులలో ఎచ్చటికి పోయితిరని అడిగినవారికి తిరుపతి అనియో, ఉదకమండలమనియో చెప్పినచో ప్రశ్న అంతటితో ముగియును. రెడ్డిగూడెము పోయితినని చెప్పగానే రెండవ ప్రశ్న పుట్టును: "అక్కడ ఏమున్నది?" చూచుటకు ఏమున్నదని వారి భావము. నేను చూచుటకు పోలేదు. పాతస్నేహితుని ఇంట రెండు దినములుండి, అతని పెరటి మామిడిపండ్లు తినివచ్చుటకు పోయితిని. ప్రయాణమునకు ఇంతకన్న మంచి కారణము నాకు తోచలేదు. ఆ సంగతియే ఈ పూట మీకు విన్నవింపదలచినాను.

రెడ్డిగూడెము కృష్ణాజిల్లా మెట్టసీమలోని ఊరు. కృష్ణాజిల్లా అనుట నా పాత అలవాటు. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలను విభజించినపుడు అది ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినది, పొరుగుననున్న నూజివీడు ఏలూరు జిల్లాలోనికి పోయినది. మామిడితోటలకు మాత్రము ఈ వార్త అందినట్లు లేదు. రెడ్డిగూడెము కాయయు నేటికిని నూజివీడు రసమను పేరుతోనే బజారులో చెల్లుచున్నది.

నేను దివిసీమవాడను. మాది కాలువనీటి దేశము. 1855లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట మా పెద్దలకు వరియే లోకమైనది. ఆ కాలువలు పల్లమునకు పారునుగాని మెట్టకు ఎక్కవు గదా! ఆనకట్టకు ఉత్తరమున కొండలును, ఎఱ్ఱనేలలును. అచ్చటివారికి వానయు, చెరువును, బావియు దిక్కు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో నీరు వదలిన తరువాత ఎడమకాలువ జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములను కొంత తడిపినది. చివరి భూములకు వచ్చుసరికి ఆ కాలువ సన్నగిల్లును. ఇట్టి నేలలో వేరు లోతునకు దింపి నిలువగల చెట్టు మామిడి. మా ఊళ్లలో నీరు సమృద్ధి. కాని మా చెట్టుపండునకు ఆ తీపి రాదు. మా వైపువారు ఈ మాట ఒప్పుకొనరు. నేను ఒప్పుకొందును.

ఒప్పుకొనుటకు నాకు వేరొక కారణమును కలదు. మేము ముగ్గురము విజయవాడలో ఒకే గది అద్దెకు తీసికొని చదువుకొన్నవారము. ఒకడు రెడ్డిగూడెమువాడు, ఒకడు నందిగామవాడు, మూడవవాడను నేను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన పడినది. వేలకొలది జనము పోయిరి. మా ఇంట మనుష్యులు దక్కిరి. ఇల్లు దక్కలేదు, గొడ్డు దక్కలేదు, పొలము ఉప్పుపాలైనది. మరుసటి వేసవి సెలవులకు పోవుటకు నాకు ఇల్లు లేదు. రెడ్డిగూడెపు మిత్రుని తండ్రిగారు గదికి వచ్చి, ఏమియు అడుగకుండ నా పెట్టెను తాముగా ఎత్తుకొని, "పద నాయనా, బస్సు వెళ్ళిపోతుంది" అనిరి. ఆ వేసవి రెండు నెలలు నేను వారి బావిగట్టున, రసపుచెట్ల క్రింద నులకమంచముపై పడుకొంటిని. ఆ చెట్లు తొమ్మిది. ఒక్కొక్కటి ఎక్కడ నున్నదో కన్నులు మూసికొని చెప్పగలను.

ఈ వేసవిలో మిత్రుడు ఫోను చేసి, "చెట్లు కొట్టించేద్దామనుకుంటున్నానురా, ఒకసారి వచ్చి తినిపో" అనెను. రెండవ మాటకు సంతోషించుటయో, మొదటిమాటకు విచారించుటయో తెలియక మరునాడే బయలుదేరితిని.

హైదరాబాదు నుండి వచ్చువారికి కోదాడ దాటిన తరువాత కృష్ణామెట్ట ఆరంభమగును. మొదట తగులునది జగ్గయ్యపేట. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి పేరు నిలుపుటకు కట్టించిన పేట అది. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే అచ్చట బౌద్ధస్తూపము ఉండెను; 1882లో బర్జెస్సు దొర దానిని త్రవ్వించెను. అందు దొరకిన మాంధాత చక్రవర్తి శిల్పమును చూడవలెనన్న మనము చెన్నపట్టణపు మ్యూజియమునకు పోవలెను. పండైనను శిల్పమైనను మంచిది ఊరిలో నిలువదు కాబోలు! నందిగామలో రెండవ మిత్రుడు సంచితో నిలిచియున్నాడు. సంచిలో జొన్నపిండియు, ఎండుమిరపకాయలును. "వాళ్ళింట్లో లేవా?" అంటిని. "ఉంటాయి. మా నల్లరేగడి జొన్న ఉండదు" అనెను. ఇబ్రహీంపట్నమువద్ద పెద్దరోడ్డు వదలి, తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చేయు కొండపల్లిని ప్రక్కగా చూచుకొనుచు, మైలవరము మీదుగా మధ్యాహ్నమునకు రెడ్డిగూడెము చేరితిమి.

మొదట భోజనము. మెట్టసీమ భోజనము మా వైపువలె పది కూరల వరుస కాదు. రెండు మూడే ఉండును, గాని ఒక్కొక్కటి గట్టిది. ఆనాడు చింతచిగురు పప్పు, వంకాయ కారము పెట్టి వేయించినది, వేడి అన్నము, క్రొత్త ఆవకాయ. చింతచిగురు వేసవి ఆరంభములో లేతగా నున్నపుడు కోసి, నీడన ఆరబెట్టి దాచినది. దానిని అరచేతులతో నలిపి పప్పులో వేయుదురు, కత్తి తగులరాదు. ఆవకాయ చిన్నరసపు పచ్చికాయది. పండినపుడు నోటికి అడ్డు వచ్చు పీచే పచ్చిగా నున్నపుడు ముక్కను ఏడాది పొడుగున మెత్తబడకుండ కాపాడును. మిత్రుని భార్య వడ్డించుచు, "అన్నయ్యగారూ, ఆవకాయ కలుపుకున్నాక నెయ్యి వేస్తాను, ముందు వేస్తే కారం తెలీదు" అనెను. నలువది యేండ్ల క్రిందట ఆమె అత్తగారును ఈ మాటయే చెప్పెడివారు. కారము నిజముగానే తెలిసినది. నందిగామవాడు కంట నీరు తుడుచుకొనుచు మిరపకాయ తమ ఊరిదే అయియుండునని గర్వపడెను.

సాయంకాలము ముంజలు. తాటికాయను కత్తితో చెక్కి ఇచ్చుచుండగా బొటనవ్రేలితో త్రవ్వి తినుటయే పద్ధతి. పళ్లెములో పెట్టుకొని చెంచాతో తినిన ముంజెకు రుచి ఉండదు. రాత్రికి నందిగామ జొన్నపిండితో రొట్టెలు, నాటుకోడి పులుసు. జొన్నరొట్టెను కఱ్ఱతో వత్తరు. వేడినీటితో పిండి కలిపి, అరచేతితో తట్టి తట్టి పెద్దది చేయుదురు. ఆ చప్పుడు వినుచు వాకిట కూర్చుండుట భోజనములో సగభాగము.

ఇక పండు. బంగినపల్లి రూపవంతమైన పండు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపును వచ్చినది. కోసి ముక్కలు చేసి, ఫలహారపు బల్లమీద పెట్టవచ్చును. లారీలో ఉత్తరదేశమునకు పంపవచ్చును. చిన్నరసము అట్టిది కాదు. తోలు పలుచన, లోపల అంతయు రసము, పీచు. దానిని కోయుటకు వీలులేదు. రెండు అరచేతుల నడుమ మెల్లగా నలిపి, ముచ్చిక తీసి, సొనతో కూడిన మొదటి చుక్క నేల విడిచి, పిమ్మట నోట పెట్టుకొని పీల్చవలెను. చివరకు టెంకను చీకవలెను. చొక్కా మీద పడకుండ తినువాడు రసము తిననట్లే లెక్క.

పండు ఇంట పండించుటయు ఒక విద్య. కాయను రాల్చరాదు. పొడవైన గెడకు చిక్కము కట్టి, తొడిమతో కోసి, సొన కారిపోవునట్లు బోర్లించి ఉంచవలెను. సొన పడినచోట తోలు నల్లబడును. ఆ పిమ్మట చీకటిగదిలో వరిగడ్డి పరచి, వరుసగా పేర్చి, మరల గడ్డి కప్పుదురు. నాలుగైదు దినములకు గది తలుపు తెఱచిన వాసనయే ఏ వరుస పండినదో చెప్పును. బజారులో తొందరపడువారు కార్బైడు పెట్టుదురు. 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు దానిని నిషేధించినవి; అయినను పట్టుబడుచునే యున్నారు. రంగు వచ్చును, పులుపు పోదు. మిత్రుని ఇంట ఆ గది అదే గది, పశువులపాక ప్రక్కది. 1978లో నేను ఆ గది తాళపుచెవి కొరకు అమ్మగారిని ఎన్ని అబద్ధములాడితినో!

రాత్రి వాకిట మంచములు వేసికొని కూర్చుండగా అసలుమాట వచ్చినది. మిత్రునికి ఆరెకరముల తోట. అందు ఎక్కువ భాగము బంగినపల్లియు, కలెక్టరు కాయయు. పూతమీదనే వర్తకుడు గుత్తకు మాటాడుకొనును. బావిగట్టు రసపుచెట్లను గుత్తలో కలుపుకొననని అతడు మూడేండ్లుగా చెప్పుచున్నాడు. కాయ దూరము పోదు. లారీ దిగునాటికి సగము చితికియుండును. పైగా అవి ఎత్తైన పాతచెట్లు. ఎక్కి చిక్కముతో కోయగల మనుష్యులు ఊరిలో ఇద్దరు మిగిలిరి. వారికిని వయస్సు మీరినది. కుమారుడు బెంగుళూరులో ఉద్యోగము. కావున తొమ్మిది చెట్లు కొట్టించి, ఆ చోట పామాయిలు వేయవలెనని మిత్రుని ఆలోచన. ఆ ప్రాంతమున ఇప్పుడు ఆ తోటలు విరివిగా వచ్చినవి. నాలుగవ యేట నుండి కాపు; గెలలు కోసిన కోసినట్లు ఫ్యాక్టరీకి పోవును; డబ్బు క్రమముగా చేతికి వచ్చును.

నందిగామవాడు కొట్టించుమనెను. అతని మాటను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. 2021లో నల్లతామర పురుగు మిరపతోటలను ఊడ్చివేసినపుడు, నిలువుగా నున్న పైరును తన చేతులతో పీకి గట్టున వేసినవాడు. "రుచి రుచి అని కూర్చుంటే అప్పులవాడు వింటాడా? నెలకింత అని వచ్చే పంట రైతు పుట్టాక చూశాడా?" అనెను. రెడ్డిగూడెపువాడు, "నీళ్ళో మరి? అది తాగినన్ని నీళ్ళు ఈ బోరు ఇస్తుందా?" అని తన ఆలోచనను తానే ఖండించుకొనెను. మామిడి వానకు బ్రదుకును. పామాయిలు వేసవి మండుచున్నపుడును నీరు కోరును. ఇద్దరును నావంక చూచిరి. తిని పోవువాడు చెట్టు నిలుపుమని చెప్పుట సులభము. ఖర్చు అతనిది, రుచి నాది. అందుచే నేనేమియు చెప్పక, రేపు చెట్లకడకు పోయి చూతమంటిని.

లోపల ఆవకాయ జాడీకి గుడ్డ కట్టుచున్న మిత్రుని భార్య అచ్చటినుండియే అనెను: "మామిడి ఊళ్ళో ఉండి ఆవకాయ కాయ బజార్లో బేరమాడే రోజు వస్తే నేను జాడీ దింపను. మీరు పామాయిలు గెలలే ఊరేసుకోండి." పైకి నవ్వుగా నున్నను మగవారి ముగ్గురి నోళ్లును మూతపడినవి.

తెల్లవారుజామున బావిగట్టునకు పోయితిమి. తొమ్మిదింటిలో రెండు లోపల డొల్లపడినవి. చేతితో తట్టిన తెలియుచున్నది. మూడింటికి కాపు తగ్గినది. బావికి తూర్పుననున్న నాలుగు మాత్రము దిట్టముగా నున్నవి. కొమ్మలు కాయల బరువునకు చేతికందునంత వంగియున్నవి. నా మంచము వేసిన చెట్టు డొల్లపడిన రెండింటిలో ఒకటి. ఆ మాట నేను పైకి చెప్పలేదు. మిత్రుడు చెప్పకయే ఎరుగును. చాలసేపు ఆ చెట్టు మొదట నిలుచుండి, మొరుసు బెరడు గోటితో గీకుచుండెను.

తుదకు అతడు వేసికొన్న లెక్క ఇది. డొల్లవి రెండును, కాపు తగ్గినవి మూడును ఈ యేడు తీసివేయుట. ఆ చోటును, దాని ప్రక్క బంగినపల్లి ముదురుచెట్లు కొన్ని తీసిన చోటును కలిపి ఎకరమునకు మించకుండ, బోరు ఇచ్చు నీటికి తగినంత పామాయిలు వేసి చూచుట. తూర్పుననున్న నాలుగును ఇంటికి, బంధువులకు, ఆవకాయకు. కొట్టుటకు ముందు మాత్రము వానకాలములో ఆ ఐదు చెట్ల కొమ్మలనుండి అంట్లు కట్టించుట. టెంక నాటిన మొలక తల్లిగుణము తప్పవచ్చును, అంటు తప్పదు. తండ్రి చేతి చెట్టు ఆ విధముగా పొట్టిదై, నేలనుండి కోయుటకు వీలైనదై మరల లేచునని అతని ఆశ. నాకిది న్యాయమైన లెక్కగానే తోచినది.

ఆ మధ్యాహ్నము పెరుగన్నములో రసము పిండుకొని తింటిమి. ఎవరెన్ని తినిరో లెక్క చెప్పను. ఇంటివారికి దిష్టి అందురు.

బయలుదేరునపుడు ఇద్దరికి రెండు గంపలు గడ్డివేసి కట్టి యిచ్చిరి. నా గంప హైదరాబాదు చేరుసరికి పైవరుస బాగున్నది, అడుగువరుస రసము కారినది. నందిగామవాడు తన ఊరు వచ్చువరకు ఆగలేదు. మైలవరములో బస్సు మారుటకు నిలిచినపుడే గంప విప్పెను. నాలుగు పండ్లు ముగించి, చేతులు కడుగుకొని, ఫోను తీసి రెడ్డిగూడెమునకు కలిపి ఇట్లనెను: "ఏరా, ఆ అంట్లలో రెండు నా పేర వేసి ఉంచు. మా దొడ్లో బావి ప్రక్కన చోటుంది."

అవతలి జవాబు బస్సులోని వారందరికి వినబడినది. "పంపేది లేదు. వానలు పడ్డాక వచ్చి పట్టుకుపో. వాణ్ణీ తీసుకురా."