పిట్టకాలి ఉంగరము

కాళిదాసుని శాకుంతలములోని ఉంగరము కథ శ్రోతలందరకును తెలిసినదే. శకుంతల వ్రేలినుండి నీట జారిన ఉంగరమును చేప మ్రింగినది. ఆ చేప ఒక జాలరి వలలో పడినది. ఉంగరమును అమ్మబోయిన జాలరిని భటులు దొంగయని పట్టుకొనిరి. కాని రాజునకు మరచిన సంగతిని జ్ఞప్తికి తెచ్చినది ఆ ఉంగరమే. నేడు నేను మనవి చేయబోవు ఉంగరము అల్యూమినియముతో చేసినది. దానిని ధరించునది చిన్న పిట్ట. ఈ కథయు తుదకు ఒక జాలరిమీదనో, ఒక రైతుమీదనో ఆధారపడి యున్నది.

కిందటి అక్టోబరులో తమిళనాడునందలి కోడియక్కరైలో ఒక ఉదయము గడుపు అవకాశము నాకు కలిగినది. బంగాళాఖాతము పాక్ జలసంధితో కలియుచోట, నాగపట్టణము జిల్లా చివరనున్న ఊరది. ఒకవైపు చిట్టడవి, మరియొకవైపు ఉప్పు మడులు. ఉత్తరమునుండి వచ్చు పక్షులలో పెక్కు ఇచ్చట దిగి మేసి, సముద్రము దాటి శ్రీలంకకు పోవును. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు ఇచ్చట ఎన్నో ఏండ్లుగా పక్షులకు ఉంగరములు తొడుగుచున్నారు.

తెల్లవారకముందే వలలు కట్టిరి. సన్నని నల్లని నైలాను దారముతో అల్లిన వల అది. రెండు వెదురు గడల నడుమ సుమారు 12 మీటర్ల పొడవున తెరవలె నిలుపుదురు. అడ్డముగా నాలుగైదు త్రాళ్లుండును. ప్రతి త్రాటిపైని వల వదులుగా జోలెవలె వ్రేలాడును. మసక వెలుతురులో వల కంటికి ఆనదు. ఎగిరివచ్చిన పిట్ట దానికి తగిలి జోలెలో పడును. పూర్వము జపానులో పిట్టలను ఆహారమునకై పట్టిన పట్టుదారపు వలలే వీటికి మూలము.

వలలు చూచుచున్న పెద్దాయన బీహారువాడు, మీర్‌షికారుల వంశమువాడు. పక్షులను పట్టి అమ్ముట వారి పూర్వుల వృత్తి. ఆ నేర్పే నేడు పక్షిని పట్టి విడుచుటకు ఉపయోగపడుచున్నది.

మొదట చిక్కినది పొన్నంకి పిట్ట. పెద్దాయన దానిని 'నౌరంగ్' అనెను. పిట్ట ఏవైపునుండి వలలో ప్రవేశించినదో చూచి, ముందు కాళ్లను, పిదప రెక్కలను, తుదకు తలను విడిపించెను.

"పట్టుట ఎవరికైనను వచ్చును సాహెబ్, విడిపించుటకే ఏండ్లు పట్టును" అనెను.

పిట్టను గుడ్డసంచిలో ఉంచి బల్లకడకు తెచ్చిరి. మెడను రెండు వ్రేళ్ల నడుమ నిలిపి, పట్టకారుతో కాలికి ఉంగరము బిగించిరి. అది కాలిమీద సులువుగా తిరుగవలెను, జారిపోరాదు. దానిపైని సంఖ్యను ఒకరు చదువగా మరియొకరు వ్రాసికొనిరి. రెక్క పొడవు కొలిచిరి, తూకము వేసిరి. కంఠము దిగువను ఈకలను నోటితో ఊది చూచిరి. అచ్చట పసుపుపచ్చని కొవ్వు కనబడినచో పిట్ట ప్రయాణమునకు బత్తెము కట్టుకొన్నదని అర్థము.

రెండవ పిట్ట విషయములో నా గుండె ఝల్లుమన్నది. రెల్లుపొదలలో తిరుగు చిన్న పిట్ట అది. దారము మెడకు చుట్టుకొని యుండెను, కన్నులు మూతపడుచుండెను. పెద్దాయన క్షణమైనను ఆలోచింపక కత్తెరతో వలనే కత్తిరించెను. ఉంగరము తొడుగలేదు, తూకము వేయలేదు. పిట్టను సంచిలో నీడపట్టున ఉంచిరి. పావుగంటకు అది తేరుకొని ఎగిరిపోయెను.

"చేతికి వచ్చిన పిట్టను లెక్కలోనికి తీసికొనలేదేమి చాచా?" అని అడిగితిని.

"ముందు పిట్ట, పిదప లెక్క" అనెను.

వానలోను, పెనుగాలిలోను, తీవ్రమైన ఎండలోను వలలు తెరువరు. తెరచినప్పుడు మాటిమాటికి పోయి చూచుచుందురు.

ఇంత శ్రమ యెందులకు? 1899లో మార్టెన్సెన్ అను డెన్మార్కు ఉపాధ్యాయుడు గోరువంకల జాతి పక్షులకు సంఖ్యయు చిరునామాయు గల ఉంగరములు తొడిగి ఈ పద్ధతికి దారి చూపెను. మన దేశమున 1957లో మైసూరు రాష్ట్రపు క్యాసనూరు అడవిలో కొత్త జ్వరమొకటి బయటపడగా, దానిని వలసపక్షులు తెచ్చినవేమోనను సందేహము పుట్టినది. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయముతో సలీం అలీ నాయకత్వమున ఉంగరములు తొడుగు పని పెద్ద యెత్తున ఆరంభమైనది. భరత్‌పూర్‌లో ఉంగరము తొడిగిన బాతులు నాటి సోవియట్ దేశమున దొరికినప్పుడు వాటి రాకపోకల దారి తెలియవచ్చినది.

అయితే ఉంగరము తొడిగిన పక్షులలో తిరిగి కబురు తెలియునవి బహు స్వల్పము. ఆ కబురు పంపవలసినవారు పులికాటు జాలరులు, కొల్లేటి రైతులు, మీరు, నేను. శాకుంతలములోని జాలరికి కలిగిన భయమే ఇచ్చటను అడ్డము వచ్చును. పక్షులను వేటాడుట 1972 నాటి చట్టము ప్రకారము నేరము గనుక, చచ్చిపడిన పిట్టను చూచినవాడును "నన్ను దొంగయందురేమో" యని ఉంగరమును పారవేయును. దానితో వేల మైళ్ల ప్రయాణపు కథ బురదలో కలిసిపోవును. దొరికిన పిట్టను గూర్చి కబురు పంపుట నేరము కాదు.

పిట్ట ప్రాణముతోనున్నచో ఉంగరమును తీయవలదు. సంఖ్యను చదివికొని పిట్టను విడిచిపెట్టుడు. మరణించియున్నచో సంఖ్య, స్థలము, తేదీ వ్రాసి ఉంగరముపైనున్న సంస్థకు కార్డుముక్క పంపుడు. కోడియక్కరైలో నేను చూచిన పొన్నంకి పిట్ట, ఉంగరము తొడిగిన పిదప అరచేతిలో ఒక్కక్షణము నిలిచి తుమ్మపొదలలోనికి ఎగిరిపోయినది. అది ఎచ్చటికి చేరినదో ఆ పుస్తకములో వ్రాయుటకు ఒక గడి ఖాళీగా విడిచియున్నారు.