ఉద్దానంలో అదే మాత్ర, రక్తంలో డబుల్

కుండకి చిల్లు పడితే, నీళ్లు తగ్గేకొద్దీ ధార సన్నబడిపోద్ది. మామూలు మాత్రలోని మందు రక్తంలోకి చేరేది దాదాపు అలాగే. జీరో ఆర్డర్ మాత్ర వేరు. కొబ్బరితోటలో డ్రిప్ పెట్టినట్టు, గంటకి ఇంతే, ఎక్కువా కాదు తక్కువా కాదు.

లెక్క చూద్దాం. 24 మిల్లీగ్రాముల మాత్ర, 24 గంటలు వదుల్తాది. గంటకి 1 మిల్లీగ్రాము. అదంతా రక్తంలోకి చేరిందనుకోండి. రోజూ వేసుకుంటే లెవెల్ పెరిగి, లీటరుకి 0.1 మిల్లీగ్రాము దగ్గర ఆగింది. 1ని 0.1తో భాగించండి. క్లియరెన్స్ గంటకి 10 లీటర్లు. ఏటి, ఇంతేనా? ఇంతే!

ఇప్పుడు కవిటి, సోంపేట వైపు రండి. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి మనకి తెలిసిందే. ఈ మందుని బయటికి పంపేది కిడ్నీలే అయితే, వాటి పని సగమైతే, క్లియరెన్స్ 5. లెవెల్ 0.2! మాత్ర అదే, స్ట్రిప్ అదే. అందుకే క్రియాటినిన్ రిపోర్ట్ చూపించకుండా పక్కింటోళ్ల డోస్ వేసుకోకండి. డాక్టర్ చెప్పకుండా ఇలాంటి మాత్ర విరవకండి కూడా. డ్రిప్ పైపు కోసేసినట్టు మందంతా ఒక్కసారే పడిపోవచ్చు.